విమానం లేటైనా రద్దయినా కౌంటర్ దగ్గరే చేసుకోవలసిన పనులు

"ఫ్లైట్ క్యాన్సిల్ చేశారన్నా, 10 వేలు ఇవ్వాలంట కదా?" అని నెలకోసారైనా ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. శంషాబాద్ నుంచో గన్నవరం నుంచో, కౌంటర్ ముందు గుంపులో నిలబడి చేస్తారు. వెనక పిల్లల ఏడుపులు, పెద్దల కేకలు వినిపిస్తుంటాయి. 2025 డిసెంబరు మొదటి వారంలో పైలట్ల కొత్త డ్యూటీ నిబంధనలకు తగ్గట్టు సిబ్బందిని సర్దుకోలేక ఇండిగో వేల విమానాలు రద్దు చేసినప్పుడైతే చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుట్టింది. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. నేను వకీలును కాను. తరచూ విమానాల్లో తిరుగుతూ, రెండు మూడుసార్లు దెబ్బ తిన్నాక రూల్సు చదువుకున్నవాణ్ణి, అంతే.

ముందుగా ఆ 10 వేల సంగతి. అది గరిష్ఠ పరిమితి, అందరికీ వచ్చే మొత్తం కాదు. చాలామందికి అంతకంటే తక్కువే వస్తుంది. ఆలస్యానికైతే మన దేశీయ నిబంధనల్లో నగదు పరిహారమే లేదు. ఇది తెలియక కౌంటర్‌లో 10 వేల కోసం గొడవపడి, తేలిగ్గా వచ్చే రిఫండునూ భోజనాన్నీ అడగడం మరిచిపోతారు.

నిబంధన పేరు గుర్తుపెట్టుకోండి: డీజీసీఏ (మన దేశంలో విమాన సంస్థల్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) వారి సివిల్ ఏవియేషన్ రిక్వైర్‌మెంట్స్ (సీఏఆర్), సెక్షన్ 3, సిరీస్ ఎం, పార్ట్ 4. 2010లో వచ్చింది, తర్వాత పలుమార్లు సవరించారు. డీజీసీఏ వెబ్‌సైట్‌లో పీడీఎఫ్ దొరుకుతుంది, ఫోన్‌లో దించుకోండి. "రూల్స్ ప్రకారం ఇవ్వాలి కదండీ" అంటే కౌంటర్‌లో అబ్బాయి తల కూడా ఎత్తడు. "సిరీస్ ఎం, పార్ట్ 4" అనండి, సూపర్‌వైజర్‌ను పిలుస్తాడు.

దగ్గర ఉంచుకోవలసినవి

- ఈ-టికెట్ పీడీఎఫ్. అందులో బేస్ ఫేర్ ఎంత, ట్యాక్సులు ఎంత అని విడివిడిగా ఉండాలి. ఏజెంటు పంపిన వాట్సాప్ ఫొటోలో మొత్తం మాత్రమే ఉంటుంది, అది చాలదు.
- బోర్డింగ్ పాస్, లేదా చెక్-ఇన్ చేసినట్టు వచ్చిన సందేశం.
- విమాన సంస్థ పంపిన ఎస్ఎంఎస్, ఈమెయిలు, వాట్సాప్ సందేశాల స్క్రీన్‌షాట్లు. సందేశం ఎన్ని గంటలకు వచ్చిందో అందులో కనిపించాలి.
- టీ, టిఫిన్, క్యాబ్, హోటల్ బిల్లులు.
- ఛార్జర్. నవ్వకండి. నాలుగు గంటల ఆలస్యంలో ముందు చచ్చేది ఫోనే, రుజువులన్నీ అందులోనే ఉంటాయి.

1. బుక్ చేసేటప్పుడే మీ నంబరు ఇవ్వండి

మన ఊళ్లలో ఎక్కువమంది టికెట్లు తెలిసిన ట్రావెల్స్ వాళ్లతో చేయిస్తారు. ఆ అబ్బాయి తన ఫోన్ నంబరు, తన ఈమెయిలు కొట్టేస్తాడు. విమానం రద్దయిందన్న సందేశం అతనికి వెళ్తుంది, మీరు లగేజీతో విమానాశ్రయానికి వెళ్తారు. అక్కడితో అయిపోదు. ప్రయాణికుడు సరైన కాంటాక్టు వివరాలు ఇవ్వకపోతే పరిహారం ఇవ్వక్కర్లేదని నిబంధనలోనే ఉంది.

టికెట్ చేతికి రాగానే విమాన సంస్థ వెబ్‌సైట్‌లోకి వెళ్లి పీఎన్ఆర్ కొట్టండి. కాంటాక్టు వివరాల్లో ఎవరి నంబరు ఉందో చూసి మీది పెట్టండి. అమ్మానాన్నల కోసం బుక్ చేసేటప్పుడు ఎస్ఎంఎస్ చూసుకునేది ఎవరో వాళ్ల నంబరే ఇవ్వండి.

2. ఆలస్యమని తెలిసినా అసలు సమయానికే చెక్-ఇన్ చేయండి

భోజనమైనా మరేదైనా అడగాలంటే మీరు సమయానికి చెక్-ఇన్ చేసి ఉండాలి. "రెండు గంటలు లేటట, నిదానంగా వెళ్దాం" అనుకుని ఇంట్లో కూర్చుంటే రెండు నష్టాలు. ఒకటి, ఆలస్యం తగ్గి విమానం ముందే కదలొచ్చు. రెండు, మీరు 'నో షో' (రాని ప్రయాణికుడు) అయిపోతారు, ఇక భోజనం, పరిహారం లాంటివి అడిగే హక్కు ఉండదు. వెబ్ చెక్-ఇన్ చేసుకున్నా బ్యాగు వేసే గడువు, గేటు మూసే గడువు మారవు. బోర్డింగ్ పాస్ చేతిలో ఉండి కూడా గేటు దగ్గరికి సమయానికి చేరని ప్రయాణికుల కేసులో 2020లో సుప్రీంకోర్టు విమాన సంస్థ వైపే తీర్పిచ్చింది. మైకులో పిలవలేదన్న వాదన నిలబడలేదు.

ఆలస్యం నిజంగా ఎంత ఉంటుందో తెలుసుకోవడానికి చిన్న చిట్కా ఉంది. మీరు ఎక్కాల్సిన విమానం అంతకుముందు ఏ ఊరి నుంచి రావాలో ఫ్లైట్‌రాడార్24 లాంటి యాప్‌లో చూడండి. బోర్డు మీద '40 నిమిషాలు ఆలస్యం' అని ఉంటుంది, విమానమేమో ఇంకా బెంగళూరులో నేల మీదే ఉంటుంది. లెక్క మీకే తెలిసిపోతుంది.

3. కారణం రాతలో అడగండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. మనవాళ్లు వదిలేసేదీ ఇదే.

తుపాను, వరద, అల్లర్లు, సమ్మె, ప్రభుత్వ ఉత్తర్వు, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్, భద్రతా ముప్పు, వాతావరణం వంటి సంస్థ చేతిలో లేని కారణాలైతే పరిహారం ఇవ్వక్కర్లేదు. రిఫండో మరో విమానమో మాత్రం అప్పుడూ ఇవ్వాల్సిందే. కాబట్టి కౌంటర్‌లో అందరికీ వినిపించే మొదటి మాట "వెదర్ అండీ".

నాకు జరిగింది చెబుతాను. సంస్థ పేరు వద్దు. రేణిగుంట నుంచి హైదరాబాద్‌కు సాయంత్రం విమానం. చెక్-ఇన్ అయిపోయింది, తిరుమల లడ్డూల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇంకో గంటన్నరలో బయల్దేరాలనగా రద్దు సందేశం వచ్చింది. కౌంటర్‌లో అడిగితే "హైదరాబాద్‌లో వర్షం సార్, మా చేతుల్లో లేదు" అన్నారు. బోర్డు వైపు చూస్తే అదే హైదరాబాద్‌కు మరో సంస్థ విమానం బోర్డింగ్ జరుగుతోంది. ఆ బోర్డును గడియారం కూడా పడేలా ఫొటో తీశాను. "కారణం ఒక కాగితం మీద రాసివ్వండి" అంటే "అలా ఇవ్వం సార్" అన్నారు. సరే, "మీరు ఇవ్వనన్నారు" అన్న సంగతే వాళ్ల కస్టమర్ కేర్‌కు అక్కడి నుంచే మెయిల్ చేశాను. పది రోజులకు వచ్చిన జవాబులో వర్షం ఊసే లేదు, 'ఆపరేషనల్ రీజన్స్' అని ఉంది. ఆ రెండు మాటలతోనే నా పని అయింది. రిఫండు కాక బేస్ ఫేరు 2,650 రూపాయలు పరిహారంగా వచ్చింది. ఆ ఫొటో లేకపోతే ఆ జవాబు వచ్చేది కాదని ఇప్పటికీ నా నమ్మకం.

కౌంటర్‌లో కాగితం ఇవ్వకపోతే చాట్‌లోనో మెయిల్‌లోనో అడగండి. వాళ్ల జవాబులో ఉన్న మాటను అలాగే దాచండి. 'ఆపరేషనల్', 'టెక్నికల్', 'క్రూ' అని రాస్తే దాన్ని మీ దస్త్రంలో మొదటి కాగితంగా పెట్టుకోండి.

జాగ్రత్త: నిజంగా పొగమంచే కారణమైతే వాదించి లాభం లేదు. డిసెంబరు, జనవరిల్లో ఢిల్లీ వెళ్లే ఉదయపు విమానాలు ఎంచుకునేవాళ్లు దానికి సిద్ధపడే బుక్ చేసుకోవాలి.

4. ఆలస్యమైతే ఏం అడగాలి

దీనికి ఒక్క పదం తెలియాలి: బ్లాక్ టైమ్. టికెట్ మీద బయల్దేరే సమయానికీ చేరే సమయానికీ మధ్య వ్యవధి అన్నమాట. విదేశీ ప్రయాణమైతే రెండు దేశాల గడియారాల తేడా సరిచేసుకుని లెక్కపెట్టండి.

బ్లాక్ టైమ్ రెండున్నర గంటల లోపు ఉంటే 2 గంటల ఆలస్యానికి, రెండున్నర నుంచి 5 గంటల దాకా ఉంటే 3 గంటల ఆలస్యానికి, అంతకు మించిన ప్రయాణమైతే 4 గంటల ఆలస్యానికి తిండీ నీళ్లూ ఇవ్వాలి. హైదరాబాద్–ఢిల్లీ, హైదరాబాద్–విశాఖ మొదటి కోవలోకి, హైదరాబాద్–దుబాయ్ రెండో కోవలోకి వస్తాయి. ఏం పెట్టాలో కూడా 2024 నవంబరులో డీజీసీఏ చెప్పింది: 2 గంటల దాకా మంచినీళ్లు, 2 నుంచి 4 గంటలైతే టీ కాఫీలతో చిరుతిండి, 4 గంటలు దాటితే భోజనం. చిన్న బిస్కెట్ ప్యాకెట్టు చేతిలో పెట్టి ఐదు గంటలు కూర్చోబెడితే ఈ సంగతి గుర్తుచేయండి. ఇవ్వకపోతే కొనుక్కుని బిల్లు దాచండి, ఆ బిల్లును ఫిర్యాదుకు జతచేయండి.

దేశీయ విమానం 6 గంటలకు మించి ఆలస్యమవుతుందంటే ఆ సంగతి 24 గంటల ముందే చెప్పాలి. అప్పుడు 6 గంటల లోపు మరో విమానమా, మొత్తం డబ్బు వాపసా అన్న ఎంపిక మీది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, "వెళ్లకపోతే డబ్బు పోతుందేమో" అని తొమ్మిది గంటలు కాచుకోవడం. పెళ్లికి వెళ్తున్నారు, ముహూర్తం దాటిపోయింది, ఇక వెళ్లి ఏం లాభం? రిఫండు తీసుకుని ఇంటికి వెళ్లొచ్చు.

హోటల్ ఎప్పుడంటే, ఆలస్యం 24 గంటలు దాటినప్పుడు, లేదా రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 మధ్య బయల్దేరాల్సిన విమానం 6 గంటలకు మించి ఆలస్యమైనప్పుడు. విమానాశ్రయం నుంచి హోటల్‌కు, హోటల్ నుంచి విమానాశ్రయానికి బండి కూడా వాళ్లదే. ఈ రాత్రి విమానాల నియమం ఎవరికీ తెలియదు. రాత్రి పదిన్నర విమానాన్ని ఉదయం ఆరింటికి మార్చి, జనాన్ని కుర్చీల్లో పడుకోబెడుతుంటారు.

5. రద్దయితే ఏం అడగాలి

రెండు వారాల ముందు చెప్పినా, 24 గంటల ముందు చెప్పినా మీకు ఒప్పుకోదగ్గ మరో విమానమో రిఫండో ఇస్తారు, పరిహారం ఉండదు. 24 గంటల లోపు చెప్పినా, అసలు చెప్పకపోయినా, లేక ఒకే టికెట్ మీద ఉన్న కనెక్టింగ్ విమానం తప్పిపోయినా పరిహారం కూడా అడగొచ్చు.

లెక్క ఇలా: బ్లాక్ టైమ్ గంట లోపైతే 5,000 రూపాయలు, గంట నుంచి 2 గంటలైతే 7,500, 2 గంటలు దాటితే 10,000. వీటికి పక్కన మీ టికెట్ ఒకవైపు బేస్ ఫేరు, ఫ్యూయల్ ఛార్జీ కలిపి పెట్టండి. రెండింట్లో ఏది తక్కువో అది ఇస్తారు. "ఏది తక్కువో" అన్న మాట దగ్గరే అందరి లెక్కా తప్పుతుంది.

ఉదాహరణకు మీ హైదరాబాద్–ఢిల్లీ టికెట్ 5,900 అనుకుందాం. అందులో బేస్ ఫేరు 4,200, మిగతాది ట్యాక్సులు, విమానాశ్రయ రుసుములు. ఉదయం విమానాన్ని ఆ తెల్లవారుజామునే రద్దు చేశారు. బ్లాక్ టైమ్ 2 గంటల పైనే కాబట్టి పరిమితి 10,000. కానీ బేస్ ఫేరు 4,200 దానికంటే తక్కువ. అంటే మీకు రావలసింది 5,900 రిఫండు, 4,200 పరిహారం. చివరి నిమిషంలో 14 వేలు పెట్టి కొన్నవారికి మాత్రమే పూర్తి 10,000 వస్తుంది.

పెద్ద హెచ్చరిక: సంస్థ రద్దు చేసిన టికెట్‌ను మీరు 'క్యాన్సిల్ బుకింగ్' నొక్కి రద్దు చేసుకోకండి. కంగారులో చేసే పని ఇదే. మీరు నొక్కితే అది మీ సొంత క్యాన్సిలేషన్ అవుతుంది, ఛార్జీలు కోసేస్తారు. సంస్థ పంపిన సందేశంలోని లింకులోకి వెళ్లి 'రిఫండ్' ఎంచుకోండి. "ఎలాగూ రద్దవుతుందిలే" అని ముందే రద్దు చేసుకున్నవాళ్లూ ఇలాగే నష్టపోతారు. అధికారికంగా రద్దయ్యేదాకా ఓపిక పట్టండి.

ఒకవేళ మీరే మానుకున్నా, లేదా విమానం అందుకోలేకపోయినా, యూడీఎఫ్ లాంటి విమానాశ్రయ రుసుములు, ప్రభుత్వ పన్నులు తిరిగివ్వాలి. 'నాన్ రిఫండబుల్' టికెట్‌కైనా అంతే. అడగకపోతే అవి అలాగే ఉండిపోతాయి.

క్రెడిట్ షెల్ సంగతి కూడా ఇక్కడే. "మీ డబ్బు మా దగ్గరే భద్రంగా ఉంటుంది, ఏడాదిలోపు మళ్లీ ప్రయాణం చేయండి" అంటారు. అది తీసుకోవాలా వద్దా అన్నది ప్రయాణికుడి ఇష్టమని, సంస్థ తనంతట తాను అలా చేయకూడదని డీజీసీఏ రిఫండు నిబంధనల్లో స్పష్టంగా ఉంది. "నాకు ఖాతాలోకే కావాలి" అని ఒకే మాట చెప్పండి. పరిహారం బదులు వోచర్ ఇస్తామని ఏదైనా కాగితం మీద సంతకం అడిగితే చదవకుండా పెట్టకండి.

రానూపోనూ టికెట్ ఉన్నవాళ్లకు ఒక మాట. వెళ్లే విమానం రద్దయి మీరు రైల్లోనో బస్సులోనో వెళ్లిపోతే, తిరుగు టికెట్ అలాగే ఉంచమని ముందే సంస్థకు రాసి పంపండి. లేకపోతే మొత్తం బుకింగ్ రద్దయి, వచ్చేటప్పుడు గేటు దగ్గర తెలుస్తుంది.

6. సీటు లేదని ఎక్కనివ్వకపోతే

కన్ఫర్మ్ టికెట్ ఉండి, సమయానికి వచ్చినా సీట్లకు మించి అమ్మినందువల్ల ఆపేస్తే, ముందు తమంతట తాము ఆగేవాళ్లున్నారా అని అడగాలి. మిమ్మల్ని బలవంతంగా ఆపితే గంట లోపు బయల్దేరే మరో విమానం ఇస్తే పరిహారం లేదు. 24 గంటల లోపు విమానమైతే బేస్ ఫేరు, ఫ్యూయల్ ఛార్జీ కలిపి దానికి రెండింతలు, గరిష్ఠంగా 10,000. 24 గంటలు దాటితే నాలుగింతలు, గరిష్ఠంగా 20,000. అసలు వద్దనుకుంటే టికెట్ డబ్బు మొత్తం, దానిపైన నాలుగింతలు, అదే 20,000 పరిమితితో. మన 4,200 ఉదాహరణలో 8,400 లేదా 16,800 అన్నమాట.

సమయానికి వచ్చారనడానికి రుజువు మీ దగ్గరే ఉండాలి. కౌంటర్ వరసలో నిలబడగానే ఒక ఫొటో తీసుకోండి. మరేం ఖర్చు లేదు.

7. విమానంలోనే కూర్చోబెట్టేస్తే

మన హైదరాబాదీ ప్రయాణికుడి కేసు ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2007 డిసెంబరు 14న ఢిల్లీ నుంచి హైదరాబాద్ రావాల్సిన విమానం పొగమంచు వల్ల గంటల తరబడి కదల్లేదు, ప్రయాణికులు లోపలే కూర్చున్నారు. హైదరాబాద్‌లోని పర్మినెంట్ లోక్ అదాలత్ (రవాణా లాంటి ప్రజాసేవల తగాదాలు తేల్చే వేదిక) ఆయనకు 10,000 పరిహారం ఇప్పించింది. 2011లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. పొగమంచుకు సంస్థ బాధ్యురాలు కాదంది. అయితే అదే తీర్పులో ప్రయాణికుల్ని లోపల కూర్చోబెట్టినప్పుడు కనీస వసతులు చూసే బాధ్యత చవక టికెట్ల సంస్థలకూ ఉందని చెప్పింది. "లో కాస్ట్ కదండీ, తిండి కొనుక్కోవాలి" అన్న మాట అలాంటి వేళ చెల్లదు. పసిపిల్లలు, షుగరు ఉన్న పెద్దవాళ్లు పక్కనుంటే ముందుగా వాళ్ల కోసం అడగండి. సిబ్బంది కూడా దానికి త్వరగా కదులుతారు.

8. ఇంటికెళ్లాక రాసి పంపండి

ఫోన్‌లో అరిస్తే రికార్డు ఉండదు. మెయిల్ పంపండి, కోపం తగ్గాక రాయండి. ఇంగ్లిషులో పంపితే త్వరగా తెమలుతుంది కాబట్టి ఈ మాటల్నే ఇంగ్లిషులో పెట్టుకోండి:

"పీఎన్ఆర్ ఫలానా. ఫలానా తేదీ తిరుపతి–హైదరాబాద్ విమానం, బయల్దేరాల్సిన సమయం 18:40. రద్దు సందేశం నాకు 17:05కు వచ్చింది, స్క్రీన్‌షాట్ జతచేశాను. కారణం వాతావరణమని కౌంటర్‌లో నోటిమాటగా చెప్పారు. అదే సమయంలో అదే ఊరికి మరో విమానం వెళ్లింది, ఫొటో జతచేశాను. సీఏఆర్ సెక్షన్ 3, సిరీస్ ఎం, పార్ట్ 4 ప్రకారం టికెట్ మొత్తం ఇంత, పరిహారం ఇంత నా ఖాతాకు పంపండి. క్రెడిట్ షెల్‌కు, వోచర్‌కు నేను ఒప్పుకోవడం లేదు. రద్దుకు కారణం రాతపూర్వకంగా తెలపండి."

ఇంతే చాలు. మానసిక వేదన, రద్దయిన మీటింగు, మామగారి అలక ఈ మెయిల్లో వద్దు. వాటికి వేరే చోటు ఉంది, కింద చెబుతాను. ఫిర్యాదు నంబరు వస్తుంది, రాసుకోండి.

అంతకంటే ముఖ్యం: కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతికి ఫోన్ చేయకండి. విమానాలు రద్దయిన రోజుల్లోనే దొంగ నంబర్లు ఎక్కువగా తిరుగుతాయి. ఎక్స్‌లో మీరు ఫిర్యాదు పెట్టగానే సంస్థ పేరుతో ఎవరో పలకరించి "రిఫండ్ ఫారం" లింకు పంపుతారు. రిఫండు రావడానికి ఓటీపీ, యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. ఇచ్చేశారంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. నంబరు కావాలంటే టికెట్ మీద ఉన్నదే చూడండి.

9. జవాబు రాకపోతే పై మెట్టు

సంస్థ వెబ్‌సైట్‌లోనే నోడల్ అధికారి, ఆపైన అప్పిలేట్ అధికారి వివరాలు ఉంటాయి. వరసగా వాళ్లకు పంపండి. దానితోపాటు పౌర విమానయాన శాఖ వారి ఎయిర్‌సేవ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. 2016 నుంచి ఉంది, యాప్ కూడా ఉంది. నా అనుభవంలో కస్టమర్ కేర్ మూడు వారాలు తిప్పిన సమస్యలకు అక్కడ పెట్టాక కదలిక వస్తుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులోనూ మాట్లాడతారు. ఇంగ్లిషు రాయడం ఇబ్బందైన వాళ్లు అటు నుంచి మొదలుపెట్టొచ్చు.

అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు ఉంటున్న ఊళ్లోనే వేయొచ్చు, సంస్థ ఆఫీసు గురుగ్రామ్‌లో ఉన్నా సరే. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. 2025 జనవరి నుంచి ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా వేసుకోవచ్చు. గడువు రెండేళ్లు. మీటింగు పోయిన నష్టం, మానసిక వేదన అడగాల్సింది ఇక్కడే. సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఆ హైదరాబాదీ దారి, పర్మినెంట్ లోక్ అదాలత్, కూడా తెరిచే ఉంది. కోర్టు ఫీజు లేదు. టికెట్ షరతుల్లో "ఢిల్లీ కోర్టులే" అని రాసినా అది లోక్ అదాలత్‌కు అడ్డుకాదని ఆ తీర్పులోనే తేలింది. ఆయన 10,000 పోగొట్టుకున్నా మనకు ఆ దారి తేల్చిపెట్టారు.

విదేశాలకు వెళ్లేవాళ్లకు

అమెరికా చదువులకు పిల్లల్ని పంపే ఇళ్లల్లో ఎక్కువగా చూసే తప్పు, విజయవాడ–హైదరాబాద్ ఒక టికెట్, హైదరాబాద్–డల్లాస్ మరో టికెట్. వెయ్యో రెండు వేలో కలిసొస్తుందని అలా తీస్తారు. మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే రెండో సంస్థకు సంబంధం లేదు, మొదటి సంస్థ తన టికెట్ వరకే చూస్తుంది. ఒకే పీఎన్ఆర్ మీద తీయండి. కుదరకపోతే ముందు రోజే హైదరాబాద్ చేరండి.

ఐరోపా దారిలో వెళ్తే పరిహారం మన దగ్గరకంటే చాలా ఎక్కువ. ఐరోపా యూనియన్ దేశాల నుంచి బయల్దేరే ఏ విమానానికైనా, అక్కడి సంస్థలు హైదరాబాద్ నుంచి అక్కడికి నడిపే విమానాలకైనా ఈయూ 261 నియమం వర్తిస్తుంది. అక్కడ ఆలస్యానికి కూడా నగదు ఉంది. 3,500 కిలోమీటర్లు దాటిన ప్రయాణంలో గమ్యానికి 4 గంటలో ఇంకా ఎక్కువో ఆలస్యంగా చేరితే 600 యూరోలు, 3 నుంచి 4 గంటల మధ్యైతే అందులో సగానికి తగ్గించే వీలుంది. హైదరాబాద్–ఫ్రాంక్‌ఫర్ట్ లుఫ్తాన్సా విమానం దీని కిందికి వస్తుంది. సాంకేతిక లోపం సాధారణంగా సాకుగా చెల్లదు. బ్రిటన్‌లోనూ ఇలాంటిదే, 520 పౌండ్లు. హైదరాబాద్–లండన్ బ్రిటిష్ ఎయిర్‌వేస్ వాళ్లు గుర్తుంచుకోండి. మన తరఫున పరిహారం అడిగిపెట్టి అందులో పెద్ద వాటా తీసుకునే క్లెయిమ్ కంపెనీల జోలికి ముందే వెళ్లకండి, సంస్థ వెబ్‌సైట్‌లో ఫారం పది నిమిషాల పని.

అమెరికాలో పరిహారం లేదు, రిఫండు ఉంది. విదేశీ ప్రయాణం 6 గంటలో ఇంకా ఎక్కువో మారి, మీరు వెళ్లనంటే కార్డుకు 7 పనిదినాల్లో డబ్బు వెనక్కి రావాలి.

బ్యాగు రాకపోతే విమానాశ్రయం దాటకముందే బ్యాగేజీ కౌంటర్‌లో పీఐఆర్ (బ్యాగు రాలేదనో పాడైందనో నమోదు చేసే పత్రం) రాయించుకోండి. అంతర్జాతీయ ప్రయాణంలో పాడైన బ్యాగుకు 7 రోజులు, ఆలస్యంగా వచ్చిన దానికి 21 రోజుల్లో రాతపూర్వక ఫిర్యాదు చేయాలి.

డబ్బు సరిగ్గా వచ్చిందా లేదా

"రిఫండ్ ప్రాసెస్ అయింది" అన్న సందేశాన్ని నమ్మి ఊరుకోకండి. క్రెడిట్ కార్డుతో నేరుగా కొన్న టికెట్‌కు 7 రోజుల్లో రావాలి. ఖాతాలో పడిన మొత్తాన్ని టికెట్‌తో పక్కపక్కన పెట్టి చూడండి. తక్కువ వస్తే సాధారణంగా పోయేవి విడిగా కొన్న సీటు డబ్బు, అదనపు లగేజీ, భోజనం. ఒకే పీఎన్ఆర్‌లో నలుగురుంటే ముగ్గురికే పడటం కూడా చూశాను.

వాళ్లు పంపామంటారు, బ్యాంకు రాలేదంటుంది. అప్పుడు సంస్థను ఏఆర్ఎన్ నంబరు అడగండి. కార్డు రిఫండు పంపినప్పుడు పుట్టే నంబరు అది. దాన్ని బ్యాంకుకు ఇస్తే డబ్బు ఎక్కడ ఆగిందో చెబుతారు. నంబరు ఇవ్వలేకపోతే చాలావరకు పంపలేదనే అర్థం. ఏజెంటు దగ్గర కొన్నదైతే డబ్బు ముందు అతని వాలెట్‌కు వెళ్తుంది. సంస్థ అతనికి ఏ తేదీన ఎంత జమ చేసిందో మెయిల్‌లో రాయించుకుని, ఆ మెయిల్‌నే ట్రావెల్స్ అబ్బాయికి పంపండి. "ఇంకా రాలేదన్నా" అన్నవాడు సాయంత్రానికి ఫోన్‌పే చేస్తాడు.